పెరట్లో పువ్వు... గోడ మీద బొమ్మ!

పువ్వులంటే ఇష్టపడని ఆడవాళ్లుంటారా? పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టాక మన చెయ్యి ముందుగా పోయేది మందార చెట్టు మీదికే. దేవుడికి నాలుగు, తలలోకి ఒకటి. మిగిలినవి సాయంత్రానికి ముడుచుకుని రాలిపోతాయి. మర్నాడు వాటిని ఊడ్చి పారబోస్తాం. ఇలా ఎన్నేళ్లుగా ఊడ్చామో లెక్క లేదు. అందులో ఒక్క పువ్వునైనా నిమ్మళంగా, కళ్లారా చూశామా అంటే జవాబు దొరకదు.

ఇప్పుడు చాలామంది చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంది. పిల్లల పుట్టినరోజు, చుట్టాల పెళ్లి, కొత్త చీర... అన్నీ ఫొటోలు తీస్తున్నాం. అదే ఫోను పట్టుకుని పెరట్లో బెండ పువ్వు ముందు కూర్చుంటే మాత్రం "దాన్ని ఫొటో తీసి ఏం చేస్తావు, కూరొండుతావా?" అని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి! పువ్వుని, ఆకుని, తీగని బొమ్మలాగా తీయడం ఒక కళ. ఖర్చు లేదు, గడప దాటి దూరం పోనక్కర లేదు. పైగా మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ కళకి కావలసిన సరుకు గట్ల మీద, చెలకల్లో, కంచెల వెంట ఊరికే దొరుకుతుంది.

కోరుట్లలో పుట్టిన కెమెరా కళాకారుడు

ఫొటో అంటే స్టూడియోలో బిగుసుకుని కూర్చుని దిగేదే అనుకునే కాలంలో, దాన్ని చిత్రకళతో సమానంగా నిలబెట్టినవారిలో మన ప్రాంతం మనిషి ఒకరున్నారు. ఆయనే బండి రాజన్ బాబు. 1939లో కోరుట్లలో పుట్టారు. 2011లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆదిలాబాద్ గోండుల జీవితాన్ని, తెలంగాణ నేలని, కొండల్ని, చెట్లని నలుపు తెలుపుల్లో ఆయన తీసిన ఫొటోలకి దేశంలోనే కాదు, బయట కూడా మంచి పేరొచ్చింది. ఎందరికో ఫొటోగ్రఫీ నేర్పించారు కూడా.

ఆయన తీసే పద్ధతిని పిక్టోరియల్ ఫొటోగ్రఫీ అంటారు. అంటే ఎదురుగా ఉన్నది ఉన్నట్టు అచ్చు గుద్దడం కాకుండా, చిత్రకారుడు కుంచెతో బొమ్మ గీసినట్టు వెలుగునీ నీడనీ కూర్చుకుని ఫొటో తీయడం. ఏది చూపించాలి, ఏది వదిలేయాలి, వెలుగు ఎటు నుంచి పడాలి అని ముందే ఆలోచించుకోవడం. పువ్వుని కళగా తీయాలన్నా కావలసింది సరిగ్గా ఇదే.

అలాగే వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్ని, పాత ఇళ్లని, మన బతుకమ్మని ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. 2022లో ఆయన పోయారు. కానీ ఆయన తీసిన పండుగ మాత్రం ఫొటోల్లో అలాగే ఉంది.

పిల్లల్ని చూసుకుంటూనే...

"వాళ్లంటే కళాకారులు. పొయ్యి, పిల్లలు, పశువులు ఉన్న మనకెక్కడ కుదురుతుంది?" అంటారేమో. ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ఆవిడ సంగతి వినండి. ఆవిడ 1883లో పుట్టింది. పెళ్లికి ముందే ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకుంది. తర్వాత ముగ్గురు మగపిల్లలు, అందులో ఇద్దరు కవలలు! ఇల్లు కదిలే వీల్లేక పోయింది. అయితే కెమెరా మూలన పెట్టలేదు. పిల్లలు ఆడుకుంటుంటే ఇంటి తోటలో ఉన్న పువ్వుల్నే దగ్గరగా తీయడం మొదలుపెట్టింది. 1925 ప్రాంతంలో తీసిన మాగ్నోలియా పువ్వు ఫొటో ఈనాటికీ ప్రపంచంలో గొప్ప పూల ఫొటోల్లో ఒకటిగా చెప్పుకుంటారు. రేకలు, మధ్యలో కేసరాలు, అంతే. ఇంకేమీ లేదు అందులో.

జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అని ఒక డ్రాయింగు మాస్టారుండేవాడు. ఆయన ఖరీదైన పూలజోలికి పోయేవాడు కాదు. రోడ్ల పక్కన, రైలుకట్టల మీద మొలిచే పిచ్చి మొక్కల్ని తెచ్చి, వెనక సాదా అట్ట పెట్టి, ఎన్నో రెట్లు పెద్దవిగా కనబడేలా ఫొటో తీసేవాడు. ఆకు చుట్టుకున్న తీరు ఇనుప కటకటాల నగిషీలాగా, మొగ్గ గుడి శిఖరంలాగా కనిపించేవి. 1928లో ఆ ఫొటోలన్నీ పుస్తకంగా వస్తే జనం ముక్కున వేలేసుకున్నారు. కలుపు అని మనం పీకి పారేసే దాంట్లో ఎంత పనితనం ఉందో ఆ పుస్తకం చూపించింది.

బతుకమ్మ పేర్చే చేతికి చెప్పాలా?

నిజానికి బొమ్మ కూర్చడం మనకు కొత్త విద్యేమీ కాదు. బతుకమ్మ పేర్చేటప్పుడు చూడండి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, నడుమ బంతి, చామంతి, కట్ల పూలు, పట్టుకుచ్చులు. పచ్చ పక్కన ఏ రంగు పెడితే మెరుస్తుంది, తెల్ల గునుగుని ఎందులో ముంచితే ఎలా తేలుతుంది, వరుస వరుసకి ఎంత లోపలికి జరిపితే గోపురంలా నిలబడుతుంది... ఇవన్నీ మనకెవరు నేర్పారు? అమ్మ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాం. ముగ్గూ అంతే. చుక్కల మధ్య ఎంత ఖాళీ వదలాలో మన చేతికే తెలుసు. ఫొటోకి కావలసిన కన్ను మనకి ఇదివరకే ఉందన్నమాట. చేతిలో పనిముట్టు మారింది, అంతే!

ఇంకో సంగతి. బతుకమ్మ ఒక్క రోజు ముచ్చట. పొద్దంతా కూర్చుని పేర్చింది రాత్రికి చెరువులో, సిరిసిల్లలో అయితే మానేటిలో కలిసిపోతుంది. అది సాగనంపే పండుగ, అలాగే జరగాలి. కాకపోతే నీళ్లలో వదిలే ముందు నిలబడి పై నుంచి ఒక ఫొటో తీసి చూడండి. పక్క నుంచి గోపురంలా కనబడే బతుకమ్మ, పై నుంచి చూస్తే గుండ్రటి రంగుల ముగ్గులా ఉంటుంది. నడిమధ్యలో గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఒకే చోట, ఒకే ఎత్తు నుంచి తీస్తే తొమ్మిది ఫొటోల మాల తయారవుతుంది. మర్నాడు తెల్లారి చెరువు ఒడ్డుకి పోయి నీళ్ల మీద తేలే పూలని కూడా తీస్తే అది పదో ఫొటో.

ఏ పువ్వు ఎప్పుడు?

పూలకి కూడా డ్యూటీ టైములుంటాయి. అవి తెలిస్తేనే మంచి ఫొటో.

తెల్లవారుజామున: పారిజాతాలు నేల మీద రాలి ఉంటాయి. చెట్టు మీద కంటే కింద పడ్డవే అందం. నారింజ రంగు కాడలు పైకి తిరిగి, ఎవరో ముగ్గేసినట్టుంటాయి. ఊడ్చే ముందే ఫొటో తీయాలి. గుమ్మడి పువ్వు కూడా పొద్దున్నే విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది.

పొద్దున 8, 9 గంటలకి: బెండ, గోంగూర పూలు. లేత పసుపు రేకలు, మధ్యలో ముదురు ఎరుపు. దగ్గరగా తీసి మందారం ఫొటో పక్కన పెట్టి చూడండి. ఆ పువ్వు మధ్యలో నిలబడ్డ కాడ రెండింట్లోనూ ఒక్కలాగే కనిపిస్తుంది. మందారం, బెండ, గోంగూర, పత్తి అన్నీ ఒకే కుటుంబం మరి! గట్ల మీద నేలకి అంటుకుని నీలంగా పూసే విష్ణుక్రాంతం కూడా పొద్దుటి పూటదే. మధ్యాహ్నానికి మూసుకుంటుంది.

సాయంత్రం 4 దాటాక: చంద్రకాంతలు. ఇంకాస్త పొద్దువాలితే బీర పువ్వు, సొర పువ్వు. సొర పువ్వు తెలుపు ఎండలో తేలిపోతుంది కానీ మసక వెలుతుర్లో మల్లు గుడ్డలాగా మడతలన్నీ కనిపిస్తాయి.

ఇక కాలాల సంగతి. వానలు పడ్డాక తంగేడు దుబ్బలు పసుపు ముద్దలవుతాయి. తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. భాద్రపదం, ఆశ్వయుజంలో గునుగు. ఆ నెలల్లోనే కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు చేలల్లో వెడల్పాటి ఆకుల నడుమ పసుపు పువ్వు దాక్కుని ఉంటుంది. ఏళ్లుగా పసుపు కొమ్ములు దంచుకునేవాళ్లలో కూడా చాలామంది ఆ పువ్వు చూసి ఉండరు. లేత ఆకుపచ్చ, తెలుపు దొప్పలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండి, వాటి సందుల్లోంచి చిన్న చిన్న పసుపు పచ్చని పూలు తొంగి చూస్తాయి. పత్తి చేలో అయితే ఒకే కొమ్మకి ఈ రోజు విచ్చిన లేత రంగు పువ్వు, నిన్నటి గులాబీ రంగు పువ్వు రెండూ దొరుకుతాయి. ఫాల్గుణంలో ఆకులన్నీ రాల్చిన మోదుగ చెట్టు చిలక ముక్కుల్లాంటి పూలతో మండిపోతూ ఉంటుంది. ఉగాదికి వేప పూత సరేసరి.

తీసే పద్ధతి

1. ముందుగా ఫోను వెనక కెమెరా అద్దం తుడవండి. పిండి చేతులు, నూనె చేతులు తగిలి మసకబారి ఉంటుంది. మెత్తని నూలు గుడ్డ చాలు.

2. నడి మధ్యాహ్నం వద్దు. ఎర్ర మందారం, పచ్చ బంతి ఎర్రటి ఎండలో తీస్తే రంగంతా ముద్దగా వచ్చి రేకలు విడివిడిగా కనబడవు. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ, లేదా మబ్బు పట్టిన రోజు మంచిది. తప్పనిసరైతే ఎవరినైనా పాత తెల్ల పంచె అడ్డు పట్టుకోమనండి. ఎండ వడగట్టినట్టు మెత్తగా పడుతుంది.

3. నిలబడి పై నుంచి తీస్తే అన్ని పూలూ ఒకేలా ఉంటాయి. పువ్వు ఎత్తుకి మీరు దిగండి. పీట వేసుకుని కూర్చోండి. తంగేడు కొమ్మని కింది నుంచి తీస్తే వెనక నీలాకాశం వస్తుంది. పచ్చకీ నీలానికీ మంచి జోడీ.

4. వెనక ఏముందో చూసుకోండి. బట్టల తీగ, ప్లాస్టిక్ బకెట్, పక్కింటి గోడ ఫొటోలో పడ్డాయంటే పువ్వు అందం సగం పోతుంది. రెండడుగులు పక్కకి జరిగితే సరిపోవచ్చు. లేదంటే ముదురు రంగు చీర గానీ నల్ల దుప్పటి గానీ వెనక ఆరేయండి. తెల్ల పువ్వులకి నలుపు, ముదురు పువ్వులకి పాత ధోవతి.

5. మరీ మీద పడి తీయకండి. చాలా ఫోన్లకి జానెడు దూరమైనా కావాలి. అంతకంటే దగ్గరికి పోతే అలుక్కుపోయినట్టు వస్తుంది. తెర మీద పువ్వుని వేలితో నొక్కితే అక్కడ స్పష్టంగా కుదురుతుంది. చాలా ఫోన్లలో ఆ పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది. తెల్ల పూలకి, పచ్చ పూలకి కొంచెం తగ్గించి తీస్తేనే రేకల గీతలు తెలుస్తాయి. ఫ్లాషు జోలికి పోకండి.

6. గునుగుని మాత్రం ఎండకి ఎదురుగా పెట్టి తీయండి. పొద్దు దాని వెనక ఉండాలి, మీరు ముందు ఉండాలి. వెండి జరీ కుచ్చులాగా అంచులన్నీ మెరుస్తాయి. జిల్లేడు ఆకు మీద నూగు, గడ్డి పరక మీద మంచు బొట్టు కూడా ఇలాగే.

7. నీడవైపు బాగా నల్లగా వస్తుంటే అటు పక్క ఒక స్టీలు తాంబాళం వాలుగా పట్టండి. వెలుగు దాని మీద పడి పువ్వు మీదికి తిరుగుతుంది.

8. గాలికి కొమ్మ ఊగుతుంటే బట్టలకి పెట్టే క్లిప్పుతో ఒక పుల్లకి పట్టించండి. క్లిప్పు ఫొటోలో పడకుండా చూసుకుంటే సరి.

పువ్వు ఒక్కటే కాదు సుమా! మొగ్గ, విచ్చిన పువ్వు, వాడిన పువ్వు, కాయ, గింజ... ఒకే మొక్కని వరసగా తీస్తే దాని బతుకంతా కళ్ల ముందుంటుంది. వాడిన మందారంలో ఉన్న అందం పూసిన మందారంలో కూడా ఉండదనిపిస్తుంది ఒక్కోసారి.

పేరు రాయడం మరవకండి

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. ఒకప్పుడు పండుగ ముందు రోజు పిల్లలందరూ సంచులు పట్టుకుని చెలకల మీద పడేవాళ్లు. చీకటయ్యేసరికి ఇంటి నిండా గునుగు, తంగేడు. ఇప్పుడు పట్నాల్లో గునుగు కట్టలు కట్టి అమ్ముతుంటే డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం. గునుగు చేనులో కలుపు మొక్కే. కలుపు మందు కొట్టిన చోట అది ఎట్లా ఉంటుంది? రైతుని తప్పు పట్టడానికి లేదు, కూలీలు దొరక్క, ఖర్చు భరించలేక మందు కొడుతున్నాడు. ఊరి చివర తంగేడు దుబ్బలున్న బీడు ప్లాట్లయింది. ఎవరి అవసరం వాళ్లది. కానీ మొక్కతోపాటు దాని పేరు కూడా పోతోంది. అదే బాధ.

మా అత్తమ్మకి డెబ్బై దాటాయి. చూపు మందగించింది. కంచె మీద ఏ పువ్వు పూసిందో ఆమెకి కనబడదు. ఒకనాడు నేను తీసిన ఫొటోలు ఫోనులో పెద్దవి చేసి చూపిస్తే ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇది తుమ్మి పువ్వు గదనే! ఇది పల్లేరు. దీన్ని చిన్నప్పుడు చెవులకి కమ్మల్లెక్క పెట్టుకునేటోళ్లం" అంటూ వరసబెట్టి చెప్పింది. నాకు తెలియని పేర్లు అందులో చాలా ఉన్నాయి. మా అమ్మాయికి మందారం, గులాబి, బంతి, మల్లె దాటి ఎన్ని తెలుసంటే చేతివేళ్లు కూడా నిండవు. అత్తమ్మ చెబుతుంటే అది రాసుకుంది. ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంది. ఫొటో నంబరు, పువ్వు పేరు, ఎక్కడ తీశాం, ఏ నెల, దేనికి వాడతారు... అయిదే అయిదు సంగతులు.

మీ ఇంట్లోనూ ఒక అత్తమ్మో అమ్మమ్మో ఉండే ఉంటుంది. ఆమెకి తెలిసిన పేర్లు ఏ బడిలోనూ చెప్పరు. ఆమె ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. అందమైన ఫొటో అయితే గోడకి అలంకారం. పేరు కూడా రాసి ఉంటే అది మన పిల్లలకి ఆస్తి. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లోనే అన్నా అట్కిన్స్ అనే ఇంగ్లండు ఆవిడ ఈ పనే చేసింది. సముద్రపు నాచు మొక్కల్ని మందు పూసిన కాగితం మీద పరిచి, ఎండలో పెట్టి, నీలిరంగు అచ్చులు తీసి, ఒక్కోదానికీ పేరు రాసి 1843లో పుస్తకంగా తెచ్చింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదే అంటారు. చూశారా, ఈ కళకి మొదటి పుస్తకం ఇచ్చింది ఒక ఆడదే, అదీ మొక్కల మీదే!

తీసినవి ఏం చేయాలి?

ఫోనులో వందలు పోగేసి వదిలేస్తే ఒకనాడు ఫోను పాడై అన్నీ పోతాయి. నెలకోసారి కూర్చుని వంటలో బియ్యం ఏరినట్టు ఏరండి. వందలో పది ఉంచితే చాలు. వాటిని పెన్ డ్రైవులో దాచండి. ఏడాదికి బాగా నచ్చినవి పన్నెండు స్టూడియోలో ప్రింటు వేయించండి. నెలకొకటి చొప్పున ఇంటి క్యాలెండరు చేసుకోవచ్చు. ఒకటి రెండు చెక్క ఫ్రేములో కట్టించి ముందు గదిలో తగిలించండి. గృహప్రవేశాలకి, పుట్టినరోజులకి బజారు బొమ్మ కొనే బదులు మీ చేతి ఫొటో ఇవ్వండి.

కుట్లు, అల్లికలు వచ్చినవాళ్లకి ఇంకో లాభం. పెద్దది చేసిన గునుగు, తుమ్మి, విష్ణుక్రాంతం ఫొటోలు చూసి జాకెట్టు చేతులకి, దిండు గలీబులకి కొత్త డిజైన్లు గీసుకోవచ్చు. ముగ్గులకీ పనికొస్తాయి.

గుర్తుంచుకోండి

జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఉమ్మెత్త, గన్నేరు విషం. వీటిని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి రండి. చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి.

కంచెల దగ్గర, గడ్డిలో చెప్పులు లేకుండా తిరగకండి. వానాకాలం పురుగూ పుట్రా ఉంటాయి. ఒక కర్ర చేతిలో ఉంచుకోండి.

ఎవరి చేనులోకైనా పోయేటప్పుడు ఒక మాట అడగండి. ఫొటో కోసం కొమ్మలు విరవకండి. ఒక్కటే పువ్వున్న మొక్క అయితే కోయకుండా అక్కడే తీసి రండి, గింజ కట్టనివ్వండి.

ఇంటి చుట్టూ నాలుగడుగుల జాగా ఉంటే ఒక మూల గునుగు గింజలు చల్లండి. వానకి అదే మొలుస్తుంది. ఈసారి పండుగకి కొనే పని ఉండదు, ఫొటోకి వెతికే పనీ ఉండదు.

రేపు పొద్దున చీపురు పట్టుకునే ముందు ఒక్క అయిదు నిమిషాలు పెరట్లో కూర్చోండి. మీ ఇంట్లో ఏ పువ్వుంటే దాన్నే తీయండి, దాని పేరు రాయండి. ఆ తర్వాత పక్కింటి వదినెకి కూడా చూపించండి. ఆమె దగ్గర మీకు తెలియని పువ్వు ఇంకొకటి తప్పకుండా ఉంటుంది!